క్లాసు, ర్యాంకు, పర్సంటైల్

2024 ఏప్రిల్ చివరి వారం. జేఈఈ మెయిన్ రెండో విడత ఫలితాలు వచ్చిన మర్నాడు హైదరాబాదు నుంచి హనుమకొండలో మా ఇంటికి వెళ్ళాను. గేటు దగ్గరే మా బాపు ఎదురయ్యాడు. చేతిలో స్వీటు డబ్బా.

"తొంభై రెండురా! నూటికి తొంభై రెండు మీద ఇంకింత. మన ఇంట్ల ఎవ్వలకన్న వచ్చినయా?"

లోపల మా అక్క కూతురు గదిలో తలుపేసుకుని ఉంది. రాత్రి నుంచి అన్నం తినలేదట. అక్క వంటింట్లోంచి వచ్చి చిన్నగా చెప్పింది. "బాపుకు నువ్వన్న చెప్పురా. పక్కింటోళ్ళకు గూడ పంచిండు. పిల్ల ఇంకింత ఏడుస్తాంది."

చెప్పాను. అవి మార్కులు కావు బాపూ, పర్సంటైల్ అన్నాను. మరి ర్యాంకెంత అన్నాడు. అటూ ఇటుగా లక్షా ఏడు వేలు. బాపు డబ్బా మీద మూత పెట్టి అరుగు మీద కూచున్నాడు. కాసేపాగి, "మరి తొంభై రెండు ఏమైనట్టు?" అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మా సర్వర్లు ఎంత తొందరగా జవాబిస్తున్నాయో పర్సంటైళ్ళలోనే కొలుస్తాం. రోజూ చూసే లెక్క అది. అయినా బాపు అడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత కొన్ని నెలల పాటు, వీలు దొరికినప్పుడల్లా ఈ మూడు అంకెలు మన ఇళ్ళల్లోకి ఎట్లా వచ్చాయో చదువుతూ పోయాను. మా ఇంట్లో మూడు తరాలకు మూడు కొలతలు. బాపుది క్లాసు, నాది ర్యాంకు, పిల్లది పర్సంటైల్. ఇవి ఒకే కొలతకు మూడు పేర్లనుకుంటాం. కానీ మూడూ మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

బాపు క్లాసు

బాపు 1972లో వర్ధన్నపేట వైపు ఒక సర్కారు బడిలో పదో తరగతి పాసయ్యాడు. ఫస్ట్ క్లాసు. ఆ మాట ఇప్పటికీ అదే స్వరంతో చెప్తాడు. నూటికి 60 దాటితే ఫస్టు, 50 దాటితే సెకండు, 35 దాటితే థర్డు. అది దాటనివాళ్ళు సెప్టెంబరు దాకా ఆగి మళ్ళీ రాసుకునేవాళ్ళు.

క్లాసులో ఒక సుఖం ఉంది. అందులో ఎంతమందికైనా చోటుంటుంది. ఒక బడిలో అందరికీ ఫస్ట్ క్లాసు రావొచ్చు, ఒక్కరికీ రాకపోనూవచ్చు. నా పక్కవాడు బాగా రాసినందుకు నా క్లాసు తగ్గదు. ఆ లెక్క నాకూ పేపరుకూ మధ్యనే ఉంటుంది. 'నీకు ఎంత వచ్చు?' అన్న ప్రశ్నకు మొరటుగానైనా అది జవాబు చెప్తుంది.

దాని లోపాలూ అందరికీ తెలిసినవే. పేపరు దిద్దేవాళ్ళందరి చెయ్యీ ఒక్క తీరుగా ఉండదు. ఒక ఏడు పేపరు కష్టంగా వస్తుంది, ఇంకో ఏడు తేలిక. కొన్ని సెంటర్లు చూచిరాతలకు పేరుపడ్డవి. పాసవడం వరకైతే ఇవన్నీ సర్దుకుపోవచ్చు. వంద సీట్లకు వెయ్యి మంది నిలబడ్డప్పుడు మాత్రం ఒక సెంటర్లో వచ్చిన 71కీ ఇంకో సెంటర్లో వచ్చిన 70కీ మధ్య ఉన్న ఆ ఒక్క మార్కు ఒకరి బతుకు తేలుస్తుంది. అది న్యాయమని ఎవరూ అనలేరు.

అట్లాంటి సీట్లు వరంగల్లో ఉండేవి. 1959 అక్టోబరు 10న నెహ్రూ ఇక్కడ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశాడు. కేంద్రమూ రాష్ట్రమూ కలిసి పెట్టిన ఆర్ఈసీల వరసలో దేశం మొత్తమ్మీద ఇదే మొదటిది. సగం సీట్లు సొంత రాష్ట్రానికి, సగం మిగతా రాష్ట్రాలవాళ్ళకు. పేరు మారి ఇరవై ఏళ్ళు దాటినా మా ఊరివాళ్ళు దాన్నింకా ఆర్ఈసీ అనే అంటారు. బాపు పదో తరగతి పాసయ్యేనాటికి ఆ కాలేజీకి పదమూడేళ్ళు. కాజీపేట పోయే బస్సులో ఆ గేటు ముందునుంచి ఎన్నిసార్లు పోయాడో! లోపలికి ఎట్లా పోతారని మాత్రం ఎవర్నీ అడగలేదన్నాడు. అడగొచ్చని కూడా తోచలేదట.

కేంబ్రిడ్జి జాబితా

పరీక్ష రాసినవాళ్ళను వరసలో నిలబెట్టి పేర్లు ప్రకటించడం చాలా పాత సంగతి. చైనాలో రాజోద్యోగాల పరీక్షల ఫలితాలను జాబితాలుగా గోడలకెక్కించేవాళ్ళు. మనకు దగ్గరి చుట్టం మాత్రం కేంబ్రిడ్జి. అక్కడ గణితంలో ట్రైపోస్ అనే పరీక్ష ఉండేది. పద్దెనిమిదో శతాబ్దం మధ్య నుంచి దాని ఫలితాలను ప్రతిభ వరసలో ప్రకటించేవారు. మొదటి శ్రేణి వాళ్ళు రాంగ్లర్లు. అందరికన్నా పైనున్నవాడు సీనియర్ రాంగ్లర్. ఆనర్స్ జాబితాలో అందరికంటే కింద ఉన్నవాడికి తోటి విద్యార్థులు వేళాకోళంగా పెద్ద చెక్క గరిటె ఒకటి అందించేవాళ్ళు. మొదటివాడికి జీవితాంతం చెప్పుకునే పేరు, చివరివాడికి గరిటె.

ర్యాంకు ఎక్కడుంటే అక్కడికి కోచింగ్ వస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు కేంబ్రిడ్జిలో కాలేజీ పాఠాల కన్నా ప్రైవేటు కోచ్‌ల దగ్గర చదువే ముఖ్యమైపోయింది. వాళ్ళలో ఎడ్వర్డ్ రౌత్ అనే ఆయన దగ్గర చదివినవాళ్ళలో పాతిక మందికి పైగా సీనియర్ రాంగ్లర్లు అయ్యారు. ఆయన ఇప్పుడు ఉంటే ఆ ఫొటోలన్నీ హనుమకొండ చౌరస్తాలో ఫ్లెక్సీల మీద ఉండేవి. రౌత్ స్వయంగా 1854లో సీనియర్ రాంగ్లర్. ఆ ఏడు రెండో ర్యాంకు వచ్చినవాడి పేరు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. ఇంజనీరింగు చదివిన ప్రతివాడూ మాక్స్‌వెల్ సమీకరణాలు బట్టీ పట్టినవాడే. రౌత్ పేరు మాలో ఎందరు విన్నారు? ఆ జాబితా తప్పని నేననడం లేదు. ఆ వారం రోజుల పరీక్షలో ఎవరు ఎక్కువ రాశారని అడిగితే అది సరిగ్గానే చెప్పింది. అంతకు మించి దాన్ని ఏమీ అడగకూడదు.

ఈ జాబితా సంబరం మన దేశానికీ అందింది. 1899లో ఆర్. పి. పరాంజపే సీనియర్ రాంగ్లర్ అయిన మొదటి భారతీయుడు. 'రాంగ్లర్ పరాంజపే' అని ఆ ర్యాంకు ఆయన ఇంటిపేరు లాగా నిలిచిపోయింది. అంతకు ముందు ఏడాది, 1898లో, నాలుగో రాంగ్లర్ జి. హెచ్. హార్డీ. ఈ పరీక్ష ఇంగ్లండులో గణితాన్ని పాడుచేస్తోందని గట్టిగా వాదించినవాళ్ళలో హార్డీ ఒకడు. 1909తో ర్యాంకుల ప్రకటన ఆగిపోయింది. అప్పట్నుంచి క్లాసులే. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1913 జనవరిలో, అదే హార్డీకి మద్రాసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఎఫ్.ఎ. పరీక్ష తప్పిన గుమాస్తా, రామానుజన్.

వాళ్ళు ర్యాంకు వదిలేసి క్లాసుకు పోయారు. మనం క్లాసు వదిలేసి ర్యాంకుకు వచ్చాం. అయితే అందుకు మన కారణం మనకుంది, అది చిన్న కారణం కాదు.

చట్టంలోకి ఎక్కిన ర్యాంకు

ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లకు డొనేషన్లు వసూలు చేసే కాలేజీలు అప్పటికే ఉన్నాయి. సీటు కావాలంటే మార్కులుండాలి, లేదా మూట ఉండాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆ చట్టంలో మూడో సెక్షను ప్రవేశాల గురించి. ప్రవేశాలు అర్హత పరీక్ష మార్కుల మీద గానీ ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు మీద గానీ జరగాలనీ, మెడికల్, ఇంజనీరింగు కాలేజీల్లో మాత్రం ఉమ్మడి ప్రవేశ పరీక్ష ర్యాంకు మీదనే జరగాలనీ అందులో ఉంది. అట్లా ర్యాంకు అనే మాట చట్టంలోకి ఎక్కింది. 1986 నుంచి ఎంసెట్ మొదలైంది.

మా తరం ఎంసెట్‌ను తిట్టుకుంటూ పెరిగింది. కానీ ఈ చట్టం చదివాక నాకు కొంచెం సిగ్గనిపించింది. డబ్బున్నవాడి కొడుకును, ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరాన్ని, చూచిరాత సెంటర్ను, అన్నిటినీ ఒక్క దెబ్బకు పక్కన పెట్టడానికి ఆ రోజు చేతికి అందిన పనిముట్టు ర్యాంకు. ఎవరి బిడ్డవని అడగదు. పేరు కూడా అడగదు, హాల్ టికెట్ నెంబరు చాలు.

ఆ ర్యాంకు నేరుగా సీటైపోదు. దారిలో జల్లెళ్ళున్నాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల పరిధులు మూడు లోకల్ ఏరియాలుగా ఉండేవి. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకు, మిగిలిన 15 శాతం అందరికీ ఉండేవి. వరంగల్ పిల్లలు ఉస్మానియా లోకల్. ఆపైన కులాల రిజర్వేషన్లు, అమ్మాయిలకు కేటాయింపు. ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరికి రెండు వేర్వేరు కాలేజీలు రావడం తప్పేమీ కాదు, జల్లెడ పని అదే. 1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పుతో ఇంకో విభజన వచ్చింది. ప్రైవేటు కాలేజీలో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. రెండూ ప్రతిభ వరసలోనే నింపాలి, కాకపోతే పేమెంట్ సీటుకు ఫీజెక్కువ. తొంభైల్లో మా వీధిలో ఎవరికైనా సీటొచ్చిందంటే వెంటనే వచ్చే ప్రశ్న 'ఫ్రీయా, పేమెంటా?' అని.

2002లో చాలా సంగతులు ఒక్కసారే మారాయి. టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఫ్రీ, పేమెంట్ పథకాన్ని కొట్టేసింది. ఆ తర్వాత మన కళాశాలల్లో కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా అనే మాటలు స్థిరపడ్డాయి. డొనేషన్‌కు దొడ్డిదారి మళ్ళీ తెరుచుకుందని చాలామంది అనుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో ఆర్ఈసీ, ఎన్ఐటీ అయింది. అదే ఏడు దేశమంతటికీ కలిపి ఏఐఈఈఈ పరీక్ష మొదలైంది. అప్పటిదాకా ఇక్కడి పిల్లలు ఎంసెట్ ర్యాంకుతోనే ఆర్ఈసీలో చేరేవాళ్ళు. ఇక ఊళ్ళో కాలేజీకి కూడా ఊరి పరీక్ష పనికిరాదు.

నా ర్యాంకు

నేను 2006లో ఎంసెట్ రాశాను. 160 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ర్యాంకు పదకొండు వేల నాలుగొందల చిల్లర.

ఆ ముందు రెండేళ్ళు హనుమకొండలో ఒక కార్పొరేట్ కాలేజీలో చదివాను. వారం వారం పరీక్ష పెట్టేవాళ్ళు. సోమవారం పొద్దున గోడ మీద జాబితా. దాన్ని బట్టి సెక్షన్లు మారేవి. మొదటి ఏడాది దసరాకు ముందు నేను మొదటి సెక్షన్లోంచి మూడో సెక్షన్లోకి పడ్డాను. మూడో సెక్షన్‌కు లెక్కల సారు సరిగ్గా వచ్చేవాడు కాదు. ఇదంతా ఆ కాలంలో చదివినవాళ్ళందరికీ తెలిసిన కథే. నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి వేరే ఉంది. రెండేళ్ళలో వంద దాకా పరీక్షలు రాసి ఉంటాను. ఒక్క పేపరు కూడా తిరిగి చేతికియ్యలేదు. 214వ స్థానంలో ఉన్నానని తెలిసేది. ఏ లెక్క తప్పు చేశానో తెలిసేది కాదు. అడిగితే, "ముందు ర్యాంకు తెచ్చుకో, తప్పుల సంగతి తర్వాత" అన్నారొకసారి. త్రికోణమితిలో నాకేదో పట్టుబడటం లేదని నాకే అర్థమయ్యేసరికి ఎంసెట్ అయిపోయింది.

ఆ రోజుల్లో టీవీ పెడితే ర్యాంకుల ప్రకటనలు. ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు అని ఊపిరాడకుండా చదివే గొంతు తెలుగువాళ్ళెవరూ మర్చిపోలేరు. ఒకే ఒకటో ర్యాంకు నాలుగు కాలేజీల ప్రకటనల్లో కనపడేది. పదకొండు వేల గురించి ఎవరూ ప్రకటన వెయ్యరు.

కౌన్సెలింగుకు బాపు, నేను కలిసి వెళ్ళాం. ఫలానా ర్యాంకు నుంచి ఫలానా ర్యాంకు దాకా ఫలానా రోజు. హాల్లో పెద్ద తెర మీద కాలేజీల పేర్లు, వాటి పక్కన మిగిలిన సీట్లు. ఒక్కొక్కర్ని పిలిచేకొద్దీ అంకెలు తగ్గుతుంటాయి. నేననుకున్న కాలేజీలో కంప్యూటర్స్ మూడు సీట్లుండగా మేం కూచున్నాం. నా వంతుకు ముందు నలుగురు. సున్నా అయింది. బాపు నా చెయ్యి పట్టుకుని, "ఎలక్ట్రానిక్స్ గూడ మంచిదేనట," అన్నాడు. ర్యాంకు అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో కాదు, ఆ తెర ముందు తెలిసింది. నాకెంత వచ్చో దానికి పట్టదు. నా ముందు ఎంతమంది ఉన్నారన్నదే దాని ప్రశ్న.

ఆ తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్తాను. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కాలేజీలు పెరిగి పెరిగి ఉమ్మడి రాష్ట్రంలో ఏడువందలకు దగ్గరయ్యాయి. సీట్లు మిగిలిపోసాగాయి. ఎంసెట్ ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులకు ఇచ్చారు, 2023 నుంచి తెలంగాణలో ఆ వాటా తీసేశారు. కేంద్రం కూడా ఇదే తిప్పలు పడింది. 2013లో ఏఐఈఈఈ పోయి జేఈఈ మెయిన్ వచ్చినప్పుడు బోర్డు మార్కులకు 40 శాతం వాటా ఇచ్చి, 2017లో ఎత్తేసింది. బడి చదువుకు విలువ ఇవ్వాలని ఒకసారి, బోర్డుల మార్కులు ఒకదానితో ఒకటి పోల్చలేమని ఇంకోసారి. క్లాసు, ర్యాంకుల మధ్య తగువు ఇంకా తెగలేదన్నమాట.

పర్సంటైల్ అంటే

ఇప్పుడు పిల్ల అంకె దగ్గరికొద్దాం.

పర్సంటైల్ అనే మాటను 1885లో వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. అంతకు ముందు ఏడాది లండన్లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనలో ఒక దుకాణం లాంటిది పెట్టి, వచ్చినవాళ్ళ ఎత్తు, బరువు, చూపు, పిడికిలి బలం కొలిచాడు. ఇంత బలం ఉందంటే ఎక్కువా తక్కువా? అంకె ఒక్కటే చూస్తే తెలియదు. నూరుమందిని వరసగా నిలబెడితే ఎంతమంది నీకంటే కింద ఉన్నారో చెప్తే తెలుస్తుంది. అదీ పర్సంటైల్. వంశాన్ని బట్టే ప్రతిభ వస్తుందని నమ్మిన మనిషి గాల్టన్. మేలుజాతి మనుషుల్ని పెంచాలనే యూజెనిక్స్‌కు ఆ పేరు పెట్టింది కూడా ఆయనే, 1883లో. ఎవరి బిడ్డవని అడగని పరీక్షలో ఇప్పుడు మనం వాడుతున్నది, ఎవరి బిడ్డవన్నదే ముఖ్యమనుకున్నవాడి కొలత.

ఆ గాల్టనే 1869లో రాసిన పుస్తకంలో కేంబ్రిడ్జి రాంగ్లర్ల ర్యాంకులు కాక వాళ్ళ అసలు మార్కులు సంపాదించి చూశాడు. ఆనర్స్ జాబితాలో చివరివాడికి 300 లోపు. రాంగ్లర్లలో చివరివాడికి దాదాపు 1,500. ఒక ఏడాది సీనియర్ రాంగ్లర్‌కు 7,500 పైన. జాబితాలో వాళ్ళు ఒకటి, రెండు, మూడు అని సమాన దూరంలో నిలబడ్డట్టే కనపడతారు. మార్కుల్లో చూస్తే పైన మనిషికీ మనిషికీ మధ్య పెద్ద ఖాళీలు, మధ్యలో ఒకరి మీద ఒకరు పడేంత గుంపు. ర్యాంకు గానీ పర్సంటైల్ గానీ దాచేది సరిగ్గా ఈ సంగతినే.

జేఈఈలోకి పర్సంటైల్ రావడానికి కారణం మళ్ళీ న్యాయమే. లక్షలమంది కంప్యూటర్ల ముందు ఒకేసారి కూచోలేరు. 2019 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ఈ పరీక్షను ఏడాదికి ఒకటికి మించిన విడతల్లో, ఒక్కో విడతలో చాలా షిఫ్టుల్లో పెడుతోంది. షిఫ్టుకో పేపరు. ఒకటి కష్టం, ఒకటి తేలిక. 300కు 150 అంటే ఏ షిఫ్టులో 150? అందుకని మార్కులు పక్కన పెట్టి, నీ షిఫ్టులో నీతో సమానంగా గానీ నీకన్నా తక్కువగా గానీ ఎంతమందికి వచ్చాయో లెక్కపెట్టి, ఆ షిఫ్టు రాసిన మొత్తం మందితో భాగించి, నూటితో గుణిస్తారు. ఒక్కో షిఫ్టులో అందరికంటే పైనున్నవాళ్ళకు నూటికి నూరు. 2024లో 100 పర్సంటైల్ 56 మందికి రావడంలో వింత లేదు, షిఫ్టులు అన్ని ఉన్నాయి మరి. ఆ 56 మందిలో 15 మంది తెలంగాణ నుంచి. అందరూ కలిసి రాసింది 14 లక్షల 15 వేల మంది. మా పిల్లది 92.41. ఆమె ముందు ఉన్నది 7.59 శాతం. పద్నాలుగు లక్షల్లో 7.59 శాతమంటే లక్షా ఏడు వేలు. రిజర్వేషన్ లేనివాళ్ళకు అడ్వాన్స్‌డ్ రాయడానికి కటాఫ్ 93.2362181. ఒక్క పాయింటు కూడా తేడా లేదు కదా అంటాడు బాపు. ఆ 0.82లో పదకొండున్నర వేలకు పైగా మనుషులున్నారు.

దశాంశం తర్వాత ఆ ఏడు అంకెల సంగతి ఆలోచించాను. షిఫ్టుకు లక్షమంది అనుకుందాం. ఒక మనిషి విలువ లక్షలో ఒకటి, అంటే 0.001. మూడో అంకె దగ్గరికే ఒక మనిషి అయిపోయాడు. మరి నాలుగు నుంచి ఏడు దాకా ఉన్న అంకెలు ఎవరు? ఎవరూ కాదు. ఒక షిఫ్టులో 1,00,000 మంది, ఇంకోదాంట్లో 1,10,000 మంది ఉంటే భాగహారంలో వచ్చే శేషం అది. వేర్వేరు షిఫ్టుల్లో రాసిన ఇద్దరు పిల్లలు ఐదో అంకె దగ్గర విడిపోయారంటే, వాళ్ళ చదువులో తేడా వల్ల కాదు. వాళ్ళతో పాటు ఎంతమంది పరీక్షకు వచ్చారన్న దాని వల్ల. సీట్లు పంచేటప్పుడు ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కాబట్టి దాన్ని ఒప్పుకోవచ్చు. ఆ గీతను పిల్ల తెలివికి కొలత అనుకోకూడదు. ఇంకా సమానమైతే వయసు చూడటం కూడా ఈ పరీక్షలకు అలవాటుగా ఉండేది. పెద్దవాళ్ళకు ముందు ర్యాంకు. ఈ ముక్క చెప్తే బాపు మొదటిసారి నవ్వాడు. "గట్లయితే నేను రాస్తే నాదే ముందు."

ఎంసెట్‌కూ షిఫ్టులున్నాయి గానీ దాని లెక్క వేరు. అక్కడ షిఫ్టు సగటు, మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది, పై 0.1 శాతం మంది సగటు, వీటితో నీ మార్కులనే కొంచెం జరిపి సరిచేస్తారు. జేఈఈ మార్కుల్ని చెరిపేసి వరస మాత్రం ఉంచుతుంది, ఎంసెట్ మార్కుల్ని సాగదీసో కుదించో మార్కులుగానే ఉంచుతుంది. ఒకే పిల్ల రెండు నెలల్లో రెండు పరీక్షలు రాస్తే, రెండు వేరు లెక్కల్లో రెండు అంకెలొస్తాయి. ఇంటివాళ్ళు వాటిని పక్కపక్కన పెట్టి, 'అందులో అంత వచ్చి ఇందులో ఇంతేనా' అని పిల్లనే అడుగుతారు.

తొంభై రెండు ఏమైనట్టు?

ఈ చరిత్రంతా చదివాక నాకు తోచింది ఒకటే. క్లాసు నుంచి ర్యాంకుకు, ర్యాంకు నుంచి పర్సంటైల్‌కు మారిన ప్రతిసారీ ఒక నిజమైన అన్యాయాన్ని సరిచెయ్యడానికే మారాం. డొనేషన్లను, చూచిరాతలను, షిఫ్టుల తేడాలను. ఆ మేలు నేను కాదనను. ఆ మార్పు లేకపోతే మా బాపు కొడుకు ఇంజనీరయ్యేవాడు కాదు. కానీ మారిన ప్రతిసారీ ఆ అంకె మిగతా పిల్లల గురించి ఇంకా కచ్చితంగా చెప్తూ, మన పిల్ల గురించి ఇంకా తక్కువ చెప్తూ వచ్చింది. సీటు ఎవరికివ్వాలన్న ప్రశ్నకు పుట్టిన జవాబును తీసుకుని, పిల్ల ఎట్లాంటిదన్న ప్రశ్నకు వాడుకుంటున్నాం.

ఈ పొరపాటుకు మనం చెల్లిస్తున్నది చిన్న మూల్యం కాదు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మార్కుల నమోదు తప్పులయ్యాయి. ఒక అమ్మాయికి తెలుగులో 99కి బదులు సున్నా పడింది. ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ తప్పులు జరిగిన మాట నిజమేనంది. ఆ కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అంకె తప్పని తేలడానికి పట్టినంత సేపు కూడా వాళ్ళు ఆగలేకపోయారు. వాళ్ళకు మనం ఏం నేర్పామో తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ రోజు సాయంత్రం పిల్ల గదిలోంచి బయటికొచ్చింది. బాపు ఆమెను పక్కన కూచోబెట్టుకుని, నేను చెప్పిందంతా తన మాటల్లో మళ్ళీ చెప్పాడు. "బిడ్డా, నూరు మంది పిల్లలు రాసిన్రనుకో. ఏడెనిమిది మంది నీ ముందట ఉన్నరు. తొంభై రెండు మంది నీ ఎనుక ఉన్నరు. గింతేనా?" గింతే తాతా అంది. "మరి నేను స్వీట్లు పంచితే తప్పేంది?" పిల్ల నా వైపు చూసింది. నేనేం చెప్పను? లెక్క ప్రకారం బాపు చెప్పిన దాంట్లో తప్పులేదు. లక్షా ఏడు వేలు, తొంభై రెండు, రెండూ ఒకే చోటు. రాత్రంతా పిల్ల ముందున్నవాళ్ళను లెక్కపెట్టింది, ముసలాయన వెనకున్నవాళ్ళను లెక్కపెట్టాడు.

నేను ఆమెను ఒకటే అడిగాను. రెండు విడతల్లో నువ్వు రాసిన జవాబుల షీట్లు, కీ రెండూ వెబ్‌సైట్లో దొరుకుతాయి కదా, చూశావా అని. చూడలేదంది. పర్సంటైల్ వచ్చాక ఇంకేం చూడాలి మామా అంది. మూడు రోజులు కూచుని ఇద్దరం ఒక్కో ప్రశ్నా చూశాం. ఆమెకు పట్టుబడనిది త్రికోణమితి కాదు, ఎలక్ట్రోస్టాటిక్స్. ఎక్కడ తడబడుతోందో రెండో రోజుకు ఆమెకే తెలిసిపోయింది. 2006లో నాకు ఎవరైనా ఆ పని చేసి ఉంటే బాగుండేది.

లాంగ్ టర్మ్ వద్దంది. ఎంసెట్ ర్యాంకుతో వరంగల్లోనే ఒక కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరింది. మొదటి సెమిస్టర్ ఫలితాల రోజు బాపు ఫోన్ చేశాడు. గొంతులో అనుమానం.

"ఎనిమిది వచ్చినయంటాంది రా. సంబరంగనే ఉన్నది మరి. నూటికి ఎనిమిదా?"

"అది సీజీపీఏ బాపూ. పదికి."

"పదికా? మార్కులా, ర్యాంకా?"

రెండూ కాదన్నాను. సాయంత్రం తీరిగ్గా చెప్తానని ఫోన్ పెట్టేశాను.